మన ఊరే కదా, సూదులెందుకు?

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మనవాళ్లు వేసవి సెలవులకు టికెట్లు నెలల ముందే కొంటారు. ట్రావెల్ క్లినిక్ సంగతి మాత్రం సూట్‌కేసులు తూకం వేసే వారంలో గుర్తొస్తుంది. కొందరికి అప్పుడూ గుర్తురాదు. "మేం పుట్టి పెరిగిన ఊరే కదా, ఏమవుతుంది?" అన్న ధీమా. సహజమే. కానీ ఆ నీళ్లు తాగి పెరిగింది మీరు, పిల్లలు కాదు. మలేరియాను తట్టుకునే శక్తి ఒకప్పుడు మీలో కాస్తో కూస్తో ఉన్నా, ఏళ్ల తరబడి దూరంగా ఉంటే అదీ తగ్గిపోతుంది.

కనీసం నాలుగు నుంచి ఆరు వారాల ముందు క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. టీకా కార్డు మరవద్దు. ఎక్కడికని అడిగితే "ఇండియా" అని ఊరుకోకండి. హైదరాబాద్ ఫ్లాట్‌లో పది రోజులు వేరు, పాడేరు వైపు చుట్టాలింట్లో నెల వేరు. మలేరియా మాత్రలు కావాలో వద్దో దాన్నిబట్టే తేలుస్తారు. ఇచ్చారా, ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు వాడాలి. ఇల్లు చేరాం కదా అని చాలామంది మానేసేది అక్కడే. డెంగీకి ఇలాంటి మాత్రల్లేవు. ఆ దోమ పగలే కుడుతుంది కాబట్టి రాత్రి దోమతెర ఒక్కటే చాలదు.

అమెరికాలో వేసే టైఫాయిడ్ ఇంజెక్షన్ రెండేళ్లు నిండినవాళ్లకే. అదీ బయల్దేరడానికి రెండు వారాల ముందే పడాలి. ఆరు నెలలు దాటి ఏడాది నిండని పాపకు తట్టు టీకా ముందుగానే ఒక డోసు వేస్తారు. అది లెక్కలోకి రాదు, ఏడాది దాటాక మామూలు రెండు డోసులూ వేయించాల్సిందే.

నా బెంగంతా కుక్కల గురించే. అక్కడ పట్టీ కట్టిన పెంపుడు కుక్కలకు అలవాటుపడ్డ పిల్లవాడు, ఇక్కడ అరుగు కింద పడుకున్న కుక్కపిల్లను చూస్తే చెయ్యి చాపకుండా ఉంటాడా? గీరుకుంటే తిడతారని దాచేస్తాడు కూడా. తిట్టమని ముందే మాటివ్వండి. కరిచినా గీరినా కారం, సున్నం పెట్టనివ్వకండి. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పల్లెలో ఎక్కువ రోజులు ఉండేట్టయితే ముందస్తు రేబిస్ టీకా గురించి క్లినిక్‌లో అడగండి. వారం తేడాతో రెండు డోసులు. అమెరికాలో ధర గుండె గుభేల్‌మనిపిస్తుంది, నిజమే. అది వేయించినా కుక్క కరిస్తే మళ్లీ సూదులు తప్పవు. కాకపోతే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ అవసరం ఉండదు. చిన్న ఊళ్లలో వేళకు దొరకనిది అదే.

ఇక తిండి. పొగలు కక్కే ఇడ్లీతో భయం లేదు, చెరకురసంలో వేసే ఐసుతోనే. మనవడికి తాను ముంచిచ్చిన కుండనీళ్లు వద్దంటే నానమ్మ చిన్నబుచ్చుకుంటుంది. ఫోన్‌లోనే "డాక్టరుగారు కాచిన నీళ్లే పట్టమన్నారత్తయ్యా" అని చెప్పేయండి. కోడలి మాటకు పట్టింపు ఉంటుందేమో గానీ డాక్టరు మాటకు ఉండదు.

తిరిగొచ్చాక పిల్లలకు జ్వరం వస్తే, డాక్టరుకు మొదట ఇండియా ప్రయాణం సంగతే చెప్పండి. వైవాక్స్ రకం మలేరియా నెలల తర్వాత కూడా బయటపడుతుంది. స్కూల్లో అంటుకున్న ఫ్లూ అనుకుని సర్దుకోకుండా, ఆ రోజే రక్తపరీక్ష చేయమని అడగండి.