నర్తించువారి అడుగు

జహీరాబాదు.



సంగారెడ్డిలో చదువుకొనుచునే డప్పు నేర్చుచున్నావనియు, పెండ్లి ఊరేగింపులకై ఒక మేళమును కూర్చి దానికి నాయకుడవు కాదలచితివనియు నీ జాబువలన తెలిసి మిక్కిలి సంతసించితిని. అయితే అందరికంటె బిగ్గరగా, అందరికంటె వడిగా వాయించువాడే నాయకుడని నీవు వ్రాసిన మాట నాకు సమ్మతము కాలేదు. మన వీథులలో బీదరు దారిన సాగు ఊరేగింపులను నేను చూచుచునే యున్నాను: వాయించువారు తమ వేగమునకు తామే మురిసి పరుగెత్తుచుండగా, వృద్ధులును పిల్లలును నాలుగడుగులు వేసి ప్రక్కకు తొలగుదురు. నర్తించువారు తొలగిన పిదప ఆ మేళ మెవరికొఱకు?

ఇందుకై గుస్సాడీ నృత్యగురువు కనక రాజుగారి చరిత్రము నీవు తెలిసికొనవలెను. ఆయనది ఆసిఫాబాదు జిల్లా జైనూరు మండలమందలి మార్లవాయి. 1940ల దశకమున మానవశాస్త్ర పండితుడు హైమన్‌డార్ఫ్ సతీసమేతుడై నివసించి గోండుల జీవనమును పరిశీలించిన గ్రామమది. దీపావళి దినములలో అచట దండారి అను గోండుల నృత్యోత్సవము జరుగును. నెమలి యీకలతో కట్టిన పెద్ద తలపాగా ధరించి, ఒడలెల్ల బూడిద పూసికొని, భుజమున జంతుచర్మము వ్రేలవైచి, నడుమునను కాళ్ళకును గజ్జెలు కట్టి, చేత కఱ్ఱబూనిన గుస్సాడీ నర్తకులు, డప్పు, తుడుము, గుమేల, పెప్రే వాద్యములు మ్రోగుచుండగా, ఊరినుండి ఊరికి అతిథులై పోవుదురు. అంతటి తలపాగాతో ఆడువానికి తాళ మొక్కింత తొందరపడినను మెడకును నడుమునకును పొంతన తప్పును. కావున వాద్యకారుని చూపు ఎల్లప్పుడును ఆ పాదములమీదనే యుండవలెను.

రాజుగారు ఈ గుస్సాడీ నృత్యమును 1980ల తొలినాళ్ళలో ఢిల్లీ గణతంత్రోత్సవములకు గొనిపోయి ఇందిరాగాంధీ సమక్షమున ప్రదర్శించిరి. అంతకంటె ఘనమైన పనియని నేను తలచునది, ఊరికి మరలి వచ్చి యువకులకు ఏండ్ల తరబడి అడుగులు నేర్పుట. 2021లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2024 అక్టోబరులో ఆయన మరణింపగా ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి.

ఇట్టివారు పరదేశములందును కలరు. స్కాట్లండున 1908లో జన్మించిన జిమ్మీ షాండ్ పదునాలుగేండ్లకే బొగ్గుగనిలో దిగినవాడు. అకార్డియన్ చేపట్టి, నృత్యశాలలలో జంటలు అడుగు తడబడకుండునట్లు నిలుకడయైన తాళముతో బృందమును నడపి, 1955లో ‘బ్లూబెల్ పోల్కా’తో దేశమంతట ప్రసిద్ధుడై, 1999లో సర్ బిరుదమందెను. వేదికపై ఆయన నవ్వుట కూడ అరుదట! ఆయన ధ్యాసయంతయు నర్తించువారియందే యుండెనని నా తలంపు.

కనుక నీవు తొలుత ఒకే దరువును విలంబముగా, విసుగు లేక వాయింపుము. లావు కఱ్ఱయగు సిర్ర దెబ్బ ఎంత బలముగా పడినను సన్నని సిటికెనపుల్ల లెక్క తప్పనీయకుము. డప్పును సెగకు కాచునపుడు తొందరపడకుము. తోలు మాడినచో మరల స్వరమునకు రాదు. ఎదుట ఒక పిల్లవానిని ఆడుమని, వాని అడుగును చూచి చేయి కదల్పుము, నీ చేతిని చూచికొనకుము.

రాబోవు దీపావళికి ఉట్నూరు మీదుగా జైనూరు పోయి రమ్ము. గ్రామపెద్దల అనుమతి అడిగి, దూరముగా కూర్చుండి దండారిని చూడుము. అది వారికి దైవకార్యము. చరవాణితో చిత్రములు తీయుటకు గాని, ఆ వేషమును మన పెండ్లి ఊరేగింపులకు తెచ్చుటకు గాని తలపెట్టకుము. డప్పును ఇంటనే విడిచి పొమ్ము. దారిబత్తెము నేను పంపెదను.