ఇంటి మరమ్మతు – న్యాయమైన లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని నిలబెట్టుకోవడం కూడా అంత తేలికైన పని కాదు. వైశాల్యాలు, శాతాలు, ఘనపరిమాణాలు హాస్టల్లో బట్టీ పట్టి పరీక్ష రాసేశాక ఇక వాటితో పనేముంది అని తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని అడుగుతుంటారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మేస్త్రి గారు మరమ్మతు పనికి ఒక అంకె చెబుతారు. ఆ లెక్కలన్నీ పనికొచ్చేది అప్పుడే.

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో మన ఇళ్ళు చాలావరకు గల్ఫు డబ్బుతో నిలబడ్డవే. అమ్మో, అక్కో కువైట్‌లోనో మస్కట్‌లోనో పరాయివాళ్ళ ఇంట్లో పనిచేసి నెలనెలా పంపిన సొమ్ము అది. ఆ సొమ్ముకు ఇక్కడ లెక్క చూడవలసింది చదువుకుంటున్న మనమే. ఇంకో సంగతి కూడా ఉంది. మనలో చాలామంది నాన్నలు తాపీ పనికి, అమ్మలు ఇటుకలు మోసే పనికి వెళ్ళేవారే. కాబట్టి ఈ పాఠాన్ని మనం రెండు వైపుల నుంచీ చదవాలి. పని చేయించుకునేవాడు మోసపోకూడదు, పని చేసేవాడి కడుపు కొట్టకూడదు.

న్యాయమైన ధర అంటే తక్కువ ధర కాదు. ఏ పని, ఎంత పని, ఏ సామానుతో అనేది ముందే రాసుకుని ఇద్దరూ ఒప్పుకున్న ధర.

రెండు ఎస్టిమేట్లు ఎందుకు తేడాగా ఉంటాయి?

మన సముద్రతీర గ్రామాల్లో డాబా ఇళ్ళకు వచ్చే పెద్ద జబ్బు శ్లాబు పెచ్చులు ఊడటం. ఉప్పు గాలి, చెమ్మ కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప ఊచలకు తుప్పు పట్టిస్తాయి. తుప్పు పట్టిన ఇనుము మునుపటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింద ఉన్న కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది.

దీనికి ఇద్దరు మేస్త్రీలను అడిగామనుకుందాం. ఒకరు చెప్పిన దానికి రెండోవారు దాదాపు రెట్టింపు చెబుతారు. మనం వెంటనే మొదటివారు మంచివారని, రెండోవారు దోచుకుంటున్నారని అనుకుంటాం. ఏమేం చేస్తారని విడివిడిగా అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మొదటివారు ఊడిన చోట సిమెంటు పూసి వెళ్ళిపోతారు. రెండోవారు వదులైన కాంక్రీటంతా కొట్టేసి, ఊచలను వైర్ బ్రష్‌తో రుద్ది, బాగా సన్నబడిన ఊచకు కొత్త ఊచ కట్టి, తుప్పు పట్టకుండా రంగు వేసి, పాత కాంక్రీటుకు కొత్తది అతుక్కునే మందు రాసి, అప్పుడు పూత పూస్తారు. కనీసం 7 రోజులు తడుపుతారు. తుప్పు మీద పూసిన పూత తుప్పు పెరిగే కొద్దీ మళ్ళీ రాలిపోతుంది. ఇవి రెండు వేర్వేరు పనులు. వాటి ధరలు పోల్చడం మామిడిపండునీ పనసపండునీ ఒకే తక్కెడలో తూచడం లాంటిది.

అందుచేత పని జాబితా ముందు మనమే ఒక కాగితం మీద రాయాలి. అదే కాగితాన్ని ఇద్దరు ముగ్గురికి చూపించి ధర అడగాలి. పెంకుటిల్లు అయితే ఎన్ని పెంకులు మార్చాలి, ఏ వాసాలు పుచ్చిపోయాయి, దింపిన పాత కలపలో పనికొచ్చేది ఎవరిది అనేవి కూడా అందులో ఉండాలి.

కొలత మనమే తీసుకోవాలి

ఉపాధి హామీ పనికి వెళ్ళిన మన అమ్మానాన్నలకు ఒక సంగతి బాగా తెలుసు. తవ్విన మట్టిని కొలిచాకే కూలి లెక్క కట్టేవారు. ప్రభుత్వ పనుల్లో ఇంజనీరు గారు కొలతలు ఎం.బుక్‌లో రాసిన తరువాతే బిల్లు అవుతుంది. వారు ఎస్టిమేటు వేసేది ఎస్.ఎస్.ఆర్. అనే ధరల పట్టికను బట్టి. మన ఇంటికి మనం ఉంచుకునే ఎం.బుక్ ఒక నోటుపుస్తకం.

12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకుందాం.

శ్లాబు అడుగు భాగం: 12 × 10 = 120 చదరపు అడుగులు.
నాలుగు గోడలు: (12 + 10) × 2 × 10 = 440 చదరపు అడుగులు.
ఒక తలుపు 3 × 7 = 21, ఒక కిటికీ 4 × 4 = 16. రెండూ కలిపి 37.
నికరం: 440 – 37 = 403 చదరపు అడుగులు.

తలుపులు, కిటికీలు కొలతలోంచి తీసేస్తారా, కలిపే లెక్క కడతారా అనేది ముందే తేల్చుకోవాలి. చివరి రోజున వచ్చే తగాదాల్లో సగం ఇక్కడే పుడతాయి.

ఇక సామాను. అర అంగుళం మందాన, ఒకటికి నాలుగు పాళ్ళ ప్లాస్టింగుకు, నలిగిపోయేది కూడా కలుపుకుంటే, 100 చదరపు అడుగులకు సుమారు ఒక బస్తా సిమెంటు, 5 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. పై గది గోడలకు సుమారు 4 బస్తాలు, 20 ఘనపుటడుగులు అన్నమాట. గోడ ఎత్తుపల్లాలుగా ఉంటే ఇంకొంచెం పడుతుంది. జాబితాలో 8 బస్తాలు రాసి ఉంటే ఎందుకని అడగడం మన హక్కు. మందం ఎక్కువ పడుతోందని మేస్త్రి గారు గోడ మీద తాడు పట్టి చూపిస్తే ఒప్పుకోవడం మన ధర్మం.

ధరలు మారినప్పుడు ఎస్టిమేటు కూడా మారాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు వేసిన లెక్క ఇప్పుడు తెచ్చి చూపితే మళ్ళీ వేయించాలి. 2024 జూలైలో రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. కానీ లోడింగు, రవాణా ఖర్చులు ఉంటాయి. అందుచేత ఇసుకకు ఎంత, బండి కిరాయికి ఎంత అని విడదీసి అడగాలి.

కరెంటు పనికి పాయింట్ల లెక్క కడతారు. వైరు మీద ఐ.ఎస్.ఐ. గుర్తు, సైజు చూసుకోవాలి. మోటారు, ఫ్యాను బాగుచేయిస్తే మార్చిన పాత భాగాలు తిరిగి తీసుకోవాలి. అవి మన సొత్తు. నిజంగా మార్చారనడానికి రుజువు కూడా.

రోజుకూలా, గుత్తా?

ఎంత పని ఉందో ముందు తెలియని చోట, అంటే లీకు వెతకడం, పాత పైకప్పు విప్పి చూడటం లాంటి వాటికి, రోజుకూలి మేలు. అయితే దగ్గర ఒకరు ఉండి చూసుకోవాలి. కొలతకు దొరికే ప్లాస్టింగు, రంగులు, టైల్స్ వంటి వాటికి గుత్త మేలు. సామాను మనం కొని, కూలి మాత్రం గుత్తకు ఇస్తే చిన్న పనుల్లో లెక్క తేటగా ఉంటుంది.

డబ్బు ఒకేసారి ఇవ్వకూడదు. పని మొదట కొంత, సగమయ్యాక కొంత, అయ్యాక మిగతాది. పదో వంతు మాత్రం ఒక వాన చూసి ఇస్తామని ముందే చెప్పాలి. అలాగని శనివారం బట్వాడా ఆపకూడదు. ఆ డబ్బుతోనే మేస్త్రి గారు తన కూలీలకు ఇవ్వాలి, వాళ్ళ ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి.

ఒప్పందం కాగితం పెద్దదేమీ కాదు. ఇంతే:

1. పని పేరు, చేయవలసిన దశలు
2. కొలతలు, చదరపు అడుగు ధర
3. సామాను ఎవరిది, ఏ కంపెనీ, ఎంత
4. మొదలు, పూర్తి తేదీలు
5. డబ్బు ఎప్పుడు ఎంత
6. అదనపు పని వస్తే ముందు చెప్పి, ధర రాసుకున్నాకే చేయాలి
7. ఇద్దరి సంతకాలు

అడిగే తీరు

"ఏరా అబ్బాయ్, చదువుకున్నావని మా మీద నమ్మకం లేదా?" అని మేస్త్రి గారు అనవచ్చు. ఎదురు వాదించనక్కర లేదు. "నమ్మకం ఉంది కాబట్టే పని మీకిస్తున్నాం బాబాయ్. అమ్మకి ఫోన్లో లెక్క చెప్పాలండి, అందుకని రాసుకుంటున్నాను" అంటే చాలు. పనితనం ఉన్న మేస్త్రి కాగితానికి భయపడడు. పని అయ్యాక "ఇది మనం అనుకోలేదు కదా" అనే మాట నుంచి ఆ కాగితం ఆయన్ను కూడా కాపాడుతుంది.

బేరం ఆడేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. పనిలో అనవసరమైనది తగ్గించవచ్చు, మనిషి కూలి తగ్గించకూడదు. మన జిల్లాకు ఎవరి పేరు ఉందో ఆ డాక్టర్ అంబేద్కర్ గారే 1946 ఏప్రిల్‌లో కేంద్ర శాసనసభలో కనీస వేతనాల బిల్లు ప్రవేశపెట్టారు. అది 1948లో చట్టమైంది. సమాన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతనం ఉండాలని రాజ్యాంగం 39వ అధికరణం చెబుతోంది. తట్ట మోసిన అమ్మకు ఎంత ఇస్తున్నారని అడగడం కూడా న్యాయమైన లెక్కలో భాగమే.

తేడా వస్తే

ముందు కూర్చుని మాట్లాడుకోవాలి. ఫొటోలు, కాగితం, బిల్లులు, ఫోన్లో డబ్బు పంపిన వివరాలు దగ్గర ఉంచుకోవాలి. డబ్బు తీసుకుని చేసే నిర్మాణ పని కూడా సేవ కిందకే వస్తుందని సుప్రీంకోర్టు 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో చెప్పింది. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, గుత్తకు ఒప్పుకున్న పనిలో లోపం ఉంటే రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కు వెళ్ళవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. సలహాకు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చివరిగా కాలం సంగతి. 1996 నవంబరు 6 తుపాను మన కోనసీమను ఎలా పడగొట్టిందో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. 2022 జూలై వరదల్లో లంక గ్రామాలు నీట మునిగాయి. ఊరంతటికీ ఒకేసారి పైకప్పు కావలసి వచ్చినప్పుడు మేస్త్రీ దొరకడు, ధరా నిలవదు. వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడే టేపు పట్టుకుని ఒకసారి ఇల్లంతా చూడండి. పెచ్చు ఎక్కడ ఊడింది, పెంకు ఎక్కడ పగిలింది, వైరు ఎక్కడ తేలింది అన్నీ రాసి పెట్టండి. తొలకరికి ముందే పని చేయించండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! అమ్మ కష్టానికీ, మేస్త్రి చెమటకీ ఒకే కాగితం మీద న్యాయం చేయగలిగితే మనం నేర్చుకున్న లెక్కలు సార్థకమైనట్టే.