మూసిన పుస్తకాన్ని తెరిచే పండుగ



ఆశ్వయుజ, కార్తిక మాసాలు రెండూ శరదృతువు. సంవత్సరానికి సంస్కృతంలో ఉన్న పేర్లలో 'శరత్తు' ఒకటి. దీర్ఘాయువును కోరే వేదమంత్రాలు మనిషి జీవితాన్ని శరత్తులతోనే లెక్కిస్తాయి. వానలు వెనుకబట్టి, అగస్త్య నక్షత్రం ఉదయించగానే బురదనీరు తేటపడుతుందని మన కవులు వర్ణించారు. రఘువంశం నాల్గవ సర్గలో కాళిదాసు చేసిన శరద్వర్ణనలోనూ ఈ భావం కనిపిస్తుంది. కలక తేరిన నీటిలో అడుగు కనిపించినట్లు, కలక తేరిన బుద్ధిలో అర్థం కనిపిస్తుంది. అందువల్ల శరత్తును విద్యార్థుల ఋతువు అనడం ఉచితమే.

దీనికి శాస్త్రాధారం కూడ ఉన్నది. శ్రావణ పూర్ణిమనాడు గాని, భాద్రపద పూర్ణిమనాడు గాని ఉపాకర్మ చేసి, అక్కడినుండి నాలుగున్నర నెలలు వేదాధ్యయనం సాగించాలని మనుస్మృతి విధించింది. ఆపై ఉత్సర్జనం. ఆ అధ్యయనకాలానికి నడిబొడ్డున ఉన్నది శరత్తే. నేటి మన బడులు జూన్ మాసంలో తెరుచుకుంటాయి. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం, అక్టోబరు 2న గాంధీ జయంతి, నవంబరు 11న జాతీయ విద్యా దినోత్సవం, నవంబరు 14న బాలల దినోత్సవం వస్తాయి. వీటి నడుమ దసరా సెలవులు, దీపావళి, కార్తిక వనభోజనాలు. పద్ధతులు మారినా, బడి నాలుగు గోడలు దాటి ఊరితో కలిసే కాలం నాడూ నేడూ ఇదే.

ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పదలచింది ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలను గూర్చి. అక్షరాభ్యాసపు పసివాడిని అందరమూ ముద్దు చేస్తాము. పదవ తరగతి పరీక్ష వ్రాసేవాడికై అందరమూ మ్రొక్కుకుంటాము. నడుమ ఉన్న ఈ పన్నెండేళ్ళ బిడ్డమీదనే మన దృష్టి పలుచగా ఉన్నది.

పుస్తకం ఎందుకు మూస్తాము?

శరన్నవరాత్రులలో మూలానక్షత్రంనాడు సరస్వతీదేవిని పుస్తకాలలో ఆవాహన చేసి, శ్రవణానక్షత్రంనాడు ఉద్వాసన చెప్పడం సంప్రదాయం. మూల, పూర్వాషాఢ, ఉత్తరాషాఢ, శ్రవణం వరుసగా వచ్చే నక్షత్రాలు గనుక ఇది సుమారు నాలుగు రోజుల పూజ. విజయవాడ ఇంద్రకీలాద్రిపై కనకదుర్గమ్మ మూలానక్షత్రంనాడు సరస్వతీ అలంకారంలో దర్శనమిస్తుంది. ఆనాడు బారులు తీరే భక్తులలో విద్యార్థులు ఎందరో ఉంటారు.

పుస్తకాలు పీఠంపై ఉన్నంతకాలం చదువరాదు, వ్రాయరాదు, బోధింపరాదు అని ధర్మశాస్త్ర నిబంధకారులు నియమం పెట్టారు.

ఇక్కడ ఒక శంక. విద్యాదేవి పండుగనాడు విద్యను ఆపడమేమి? పిల్లలకు ఇది సెలవు కోసం కల్పించిన మిషగా తోచవచ్చు.

దీనికి సమాధానం. నిత్యం చేతిలో ఉండే వస్తువు విలువ చేతికి తెలియదు. నాలుగు రోజులు దానిని పీఠంపై ఉంచి ఎదుట నిలిచినప్పుడు, ఇది నా సొత్తు కాదు, గురుపరంపర నాకు అప్పగించిన నిక్షేపం అన్న స్పృహ కలుగుతుంది. బ్రహ్మచర్యంతో, అధ్యయనంతో ఋషిఋణం తీరుతుందని కదా వేదం చెప్పింది! ఋణమని తెలిసినవాడే దానిని తీరుస్తాడు. మరొక విశేషం కూడ ఉన్నది. ఈ పూజకు ఆవాహన ఎంత ముఖ్యమో ఉద్వాసన అంత ముఖ్యం. విజయదశమినాడు పుస్తకాన్ని పీఠంనుండి తీసి, కళ్ళకద్దుకొని, మళ్ళీ చదివినప్పుడే పూజ పూర్తి అవుతుంది. మూయడం తెరవడానికే. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకొనగోరుతాను. వ్యాసం చివర దీనితో పని ఉన్నది.

ఆయుధపూజలో ఉన్న పాఠం

మహానవమినాడు పుస్తకాలతోపాటు పనిముట్లనూ పూజిస్తాము. రైతు నాగలి, వడ్రంగి బాడిస, కుమ్మరి సారె, కమ్మరి సుత్తె, సాలె మగ్గం, లారీ డ్రైవరు బండి, ఇవన్నీ ఆనాడు కుంకుమబొట్టు ధరిస్తాయి. కలానికి పెట్టిన బొట్టే నాగలికీ పెట్టాము. విద్యకు, వృత్తికి నడుమ హెచ్చుతగ్గులు లేవని ఇంతకంటె స్పష్టంగా చెప్పడం ఎట్లా?

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల నడుమ పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలని సూచించింది. ఆ రోజులలో వారు స్థానికంగా ఉండే వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు మొదలైనవారివద్ద పని నేర్చుకోవాలి. ఇది క్రొత్త ఏర్పాటే. అయినా ఆయుధపూజ ఎరిగినవారికి దాని మర్మం క్రొత్త కాదు.

తెలంగాణలో బతుకమ్మ మరొక తరగతిగది. 2014లో అది రాష్ట్రపండుగ అయింది. సెలవులకు ముందు అనేక బడులలో ఆడపిల్లలు బతుకమ్మను పేర్చి ఆడుతారు. తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు వానల తరువాత విరగబూస్తాయి. ఏ పువ్వు గట్టున పూస్తుంది, ఏది చేనిలో పూస్తుంది, ఏది వాడిపోక నిలుస్తుంది అన్నది ప్రకృతిశాస్త్రం. క్రిందినుండి పైకి వలయాలను క్రమంగా తగ్గిస్తూ శిఖరం తేవడం క్షేత్రగణితం. తెలివిగల పంతులమ్మ ఆ తాంబాళం ముందే ఒక పాఠం చెప్పగలదు.

కార్తికంలో ఉసిరిచెట్టు క్రింద వనభోజనం సరేసరి. అందరూ ఒకే వరుసలో కూర్చుండి ఒకే అన్నం తినడం పుస్తకంలో చదివితే వచ్చే విద్య కాదు.

వీధిబడి దసరా

పూర్వం మన గ్రామాలలో వీధిబడి అయ్యవారికి సర్కారు జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే నెలకట్నం, ధాన్యం, పండుగ కానుకలే ఆయన జీవనాధారం. దసరాకు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళేవారు. పిల్లల చేతులలో రంగుకాగితాలు అంటించిన విల్లంబులు, గిలకలు. గడప ముందు నిలిచి దసరా పద్యాలు చదివి, పూలు, బుక్కా చల్లేవారు. గృహస్థులు అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు.

దీనిని యాచన అనుకోవడం పొరబాటు. నాలుగు విధాలుగా అది విద్యాసభ. పిల్లల ఉచ్చారణను ఊరంతా విన్నది గనుక అది పరీక్ష. ఏ ఇంటివారు తమ బడిని పోషిస్తున్నారో పిల్లలు కన్నులారా చూచారు గనుక అది కృతజ్ఞతాపాఠం. తన సొమ్ము ఏమవుతున్నదో దాతకు తెలిసింది గనుక అది లెక్క అప్పగింత. ఏ బాలుడు ఆ గుంపులో లేడో ఊరికి తెలిసింది గనుక అది హాజరు పట్టిక.

ఆ పద్ధతిలో లోపాలూ లేకపోలేదు. అయ్యవారు ధనికుల దయమీద బ్రతకవలసివచ్చేది. ఆడపిల్లలు, పేదకులాల పిల్లలు ఆ గుంపులో బహుస్వల్పం. నేడు ఉపాధ్యాయునికి జీతం ఉన్నది. బడి తలుపు అందరికీ తెరిచి ఉన్నది. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల ప్రతి బిడ్డకూ ఉచిత విద్యను హక్కుగా చేసింది. అది 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. కావున ఇల్లిల్లూ తిరగడం పునరుద్ధరింపనక్కరలేదు. ఆ నాలుగవ ప్రయోజనం, ఎవరు రాలేదో ఊరు గమనించడం, దానిని మాత్రం మనం పోగొట్టుకోరాదు.

ఇచ్చేవాడు, పుచ్చుకొనేవాడు

దాతలు ఎరుగవలసిన కథ ఒకటి రఘువంశం ఐదవ సర్గలో ఉన్నది. వరతంతుమహర్షి శిష్యుడు కౌత్సుడు. నీ సేవయే చాలునని గురువు చెప్పినా వినక గురుదక్షిణ అడుగుమని పట్టుబట్టాడు. గురువు విసిగి, నేర్చిన 14 విద్యలకు 14 కోట్లు తెమ్మన్నాడు. కౌత్సుడు రఘుమహారాజు వద్దకు వచ్చాడు. అప్పటికే రఘువు విశ్వజిద్యాగంలో సర్వస్వం దానం చేసి, మట్టిపాత్రతో అర్ఘ్యం ఇవ్వవలసిన స్థితిలో ఉన్నాడు. అది చూచి కౌత్సుడు వెళ్ళబోయాడు. విద్యార్థి తన వాకిటినుండి రిక్తహస్తాలతో మరొక దాతను వెదుకుతూ వెళ్ళాడన్న అపవాదు రఘువు సహింపలేకపోయాడు. రెండుమూడు దినాలు ఆగుమని ప్రార్థించి, కుబేరునిపై దండెత్త నిశ్చయించాడు. తెల్లవారేసరికి కోశగృహంలో కనకవర్షం కురిసింది.

కథలోని సారం ఇకముందున్నది. వచ్చిన ధనమంతా తీసుకొమ్మన్నాడు రఘువు. గురువుకు ఇవ్వవలసినదానికి మించి ఒక్క నాణెమూ వద్దన్నాడు కౌత్సుడు. అడిగినదానికంటె ఎక్కువ ఇవ్వబోయే దాతను, అవసరానికంటె ఎక్కువ తీసుకోని అర్థిని, ఇద్దరినీ చూచి సాకేతపురజనులు కొనియాడారు. విజయదశమినాటి జమ్మి బంగారానికి ఈ కథను ముడిపెట్టి చెప్పే సంప్రదాయం కూడ ఉన్నది. విద్యార్థి వచ్చి వాకిట నిలవడం ఇంటికి గౌరవమని రఘువు భావించాడు. దాతకు ఉండవలసిన భావం అదే.

తిరిగి తెరవని పుస్తకాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విజయదశమినాడు, వసంతపంచమినాడు బాసరలో గోదావరీతీరాన జ్ఞానసరస్వతీ సన్నిధిలో వేలాది తల్లిదండ్రులు పసిపిల్లలచేత పలకపై అక్షరాలు దిద్దిస్తారు. చూడముచ్చటైన దృశ్యం అది. సరిగా ఆ రోజులలోనే మన పల్లెలలో పత్తితీత మొదలవుతుంది. దసరా సెలవులలో అమ్మవెంట చేనికి వెళ్ళిన పన్నెండేళ్ళ పిల్ల, సెలవులు ముగిసినా చేనిలోనే ఉండిపోతుంది. కర్నూలు పడమటి మండలాలవంటి మెట్టప్రాంతాలనుండి కుటుంబాలు పనులకై వలసపోతాయి. పిల్లలూ వెంట వెళతారు. బడి మానుతానని ఎవరూ చెప్పి మానరు. ఒక వారం, మరొక వారం, ఆపైన పేరు పిలవడం మాత్రం మిగులుతుంది.

తమ్ముడికి అక్షరాభ్యాసం జరిగిన ఇంటిలోనే అక్క పుస్తకం అటకెక్కితే, ఆ ఇంట సరస్వతీపూజ సగమే జరిగినట్లు. ఆవాహన జరిగింది గాని, పుస్తకం మళ్ళీ తెరవలేదు. ఆ తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. కూలిడబ్బు లేకపోతే పూట గడవని ఇల్లు అది. ఆ లోటును పూరించవలసింది ఊరు.

మనం చేయదగినవి

మొదటిది, ఖర్చు లేనిది. దసరా సెలవుల తరువాత బడి తెరిచిన మొదటి వారంలో మీ ఊరి బడికి వెళ్ళి, ఎవరెవరు తిరిగి రాలేదని ప్రధానోపాధ్యాయుని అడగండి. ఉపాధ్యాయులతోపాటు ఊరిపెద్ద ఒకరు ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడితే దాని బరువే వేరు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి, సగంమంది స్త్రీలు ఉండాలి. వారిని కలిసి మాట్లాడండి. వలసవెళ్ళే ఇంటి బిడ్డకు ఊరిలో అవ్వతాతలు ఉంటే, పంటకాలం ముగిసేదాకా వారివద్ద ఉంచేందుకు సాయపడండి. వసతిగృహం ఉన్నచోట చేర్పించండి.

రెండవది, ఇవ్వడంలో మర్యాద. నోటుపుస్తకం, నిఘంటువు, దూరపు పల్లెనుండి వచ్చే ఆడపిల్లకు సైకిలు, ఏది ఇచ్చినా బడివారిని అడిగి, అవసరమైనదే ఇవ్వండి. పిల్లలను ఎండలో బారులు తీర్చి, చేతిలో వస్తువు పెట్టి ఫోటో తీయించుకోవద్దు. రఘువు కౌత్సునికి ఎదురువెళ్ళి అర్ఘ్యమిచ్చాడు.

మూడవది, ఆలయాన్ని తరగతిగదిగా తెరవడం. సంచిలేని 10 రోజులలో ఒక రోజు పిల్లలు గుడికి రావచ్చు. గోడమీది శాసనం పాత లిపికి పాఠం. కోనేటి మెట్లు నీటిమట్టానికి పాఠం. అన్నవరం కొండపై ఉన్న నీడగడియారంవంటిది సూర్యగతికి పాఠం. వంటశాలలో ఎన్ని శేర్ల బియ్యానికి ఎంత పప్పు అన్నది త్రైరాశికం. సర్కారు బడిలో అన్ని మతాల బిడ్డలూ ఉంటారు. వారు వచ్చేది నేర్చుకోవడానికి. పూజచేయుమని ఎవరినీ నిర్బంధింపరాదు. జ్ఞానం పంచితే చాలు, సరస్వతి సంతోషిస్తుంది.

ఈ విజయదశమికి మీరు ఏ క్షేత్రానికి వెళ్ళినా, పసిబిడ్డచేత పలకపై ఓంకారం దిద్దించినా, ఇంటికి తిరిగివచ్చిన తరువాత ఒక్క పని చేయండి. మీ వీధిలో, మీ పొలంలో పనిచేసే కుటుంబంలో, ఆరు నుండి ఎనిమిది తరగతుల వయసు బిడ్డ ఒకరైనా ఉంటారు. ఆ బిడ్డ మళ్ళీ బడికి వెళుతున్నదా అని కనుక్కోండి. వెళ్ళకపోతే, వెళ్ళేదాకా ఆ ఇంటి గడప విడవకండి. పీఠంపై ఉంచిన ప్రతి పుస్తకమూ మళ్ళీ ఒక బిడ్డ చేతికి చేరుగాక!

శుభం భూయాత్.