పెరిమెనోపాజ్‌లో మూలికలు: ఉద్యోగం చేసే ఆడవాళ్లు చూసుకోవలసినవి

ఉద్యోగంలో బాధ్యత పెరిగే కాలంలోనే ఒంట్లో హార్మోన్లు తడబడడం మొదలవుతుంది. టీమ్ లీడ్‌గానో, బ్రాంచి మేనేజరుగానో, స్కూల్ హెచ్ఎంగానో నిలదొక్కుకుంటున్న సమయానికి పీరియడ్స్ తేదీలు తప్పుతాయి. మీటింగ్ మధ్యలో ముఖం వేడెక్కి చెమటలు పడతాయి. తెల్లవారుజామున మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మన దేశంలో మెనోపాజ్ సగటున 46, 47 ఏళ్లకే వచ్చేస్తుంది. కాబట్టి దానికి ముందు కొన్నేళ్లు సాగే పెరిమెనోపాజ్ సరిగ్గా ప్రమోషన్ల వయసు మీదే పడుతుంది. సెలవు దొరకదు, ఆఫీసులో చెప్పుకోబుద్ధి కాదు. అందుకే చాలామంది గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లకుండానే ఆన్‌లైన్‌లో అశ్వగంధో శతావరో ఆర్డర్ పెట్టేస్తారు.

మూలికలు వాడొద్దని నేను అనను. వాడితే మందు వాడినంత జాగ్రత్తగా వాడమంటాను. మూలిక చేసే హాని కంటే, దాన్ని నమ్ముకుని వైద్యం వాయిదా వేయడం వల్ల జరిగే హాని పెద్దది.

ముందు ఏది ఎంతవరకు పనిచేస్తుందో చూద్దాం. అవిసె గింజలు తింటే వేడి ఆవిర్లు తగ్గుతాయని అందరూ చెబుతారు. 2011లో అమెరికాలో 188 మంది స్త్రీలతో చేసిన పరీక్షలో సగం మందికి అవిసె గింజల బార్లు, సగం మందికి అవి లేని బార్లు ఆరు వారాల పాటు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ మూడో వంతు మందికి పైగా ఆవిర్లు సగానికి తగ్గాయి. అంటే తగ్గడం నిజమే, కానీ ఆ తగ్గుదల గింజల వల్ల వచ్చింది కాదు. ఏ మూలిక గురించి ఎవరు 'నాకు తగ్గింది' అని చెప్పినా ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. ఆవిర్లు వాటంతట అవే కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి. అయినా అవిసె గింజలు మంచి ఆహారమే, పొడి కొట్టుకుని తినండి.

బ్లాక్ కోహోష్ అమెరికా మొక్క. ఇక్కడ అమ్మే మెనోపాజ్ క్యాప్సూల్స్‌లో కూడా కలుస్తోంది. 2012లో 16 పరీక్షలను కలిపి చూసినవాళ్లు, అది పనిచేస్తుందని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. దాన్ని వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులు ఉన్నాయి. సోయా ఐసోఫ్లేవోన్లతో కొందరికి కొద్దిపాటి ఉపశమనం ఉంటుంది. అశ్వగంధ మీద 2021లో వచ్చిన ఒక భారతీయ అధ్యయనంలో మంచి ఫలితాలే కనిపించాయి, కాకపోతే అది 100 మందితో, 8 వారాలు మాత్రమే చేసింది. శతావరికి ఆయుర్వేదంలో పెద్ద పేరుంది, పెద్ద పరీక్షలు మాత్రం లేవు.

తేడా ఎక్కడ వస్తుందో రెండు ఉదాహరణల్లో చెబుతాను. హైదరాబాద్‌లో సాయంత్రం షిఫ్టు చేసే ఐటీ ఉద్యోగిని ఒకామె ఉందనుకోండి. థైరాయిడ్ తక్కువగా ఉండి రోజూ మాత్ర వేసుకుంటుంది. నిద్ర కోసం అశ్వగంధ మొదలుపెట్టింది. రెండు నెలలకు గుండె దడ, చేతుల వణుకు, చెమటలు. పెరిమెనోపాజ్ ముదిరిందనుకుని డోసు పెంచింది. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. అది మాత్రకు తోడైతే వచ్చే లక్షణాలు అచ్చం పెరిమెనోపాజ్ లక్షణాల్లాగే ఉంటాయి. చిక్కంతా ఇక్కడే. టీఎస్‌హెచ్ పరీక్ష చేయిస్తే ఒక్క రోజులో తేలే విషయానికి ఆమె కొన్ని నెలలు పోగొట్టుకుంటుంది, ఈలోగా అప్రైజల్ కూడా అయిపోతుంది.

రెండో ఆమె టీచరు. పది రోజుల పాటు ఎక్కువగా బ్లీడింగ్ అవుతోంది. ఈ వయసులో మామూలేనని ఇంట్లో అందరూ అన్నారు. ఆరు నెలలు అశోకారిష్టం అనే ఆయుర్వేద మందు తాగింది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే పని ఒత్తిడి అనుకుంది. చివరికి చూస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది, స్కాన్‌లో ఫైబ్రాయిడ్లు కనిపించాయి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంటే చాలామంది పెరిమెనోపాజ్‌లోకి అడుగు పెట్టేదే తక్కువ రక్తంతో. గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, వారం దాటి బ్లీడింగ్ సాగినా, రెండు పీరియడ్స్ మధ్యలో కనిపించినా, ఏడాది పాటు ఆగిపోయి మళ్లీ వచ్చినా ఏ మూలికా మొదలుపెట్టకండి. ముందు స్కాన్ చేయించుకోండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

అశోకారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేస్తారు, వాటిలో కొంత ఆల్కహాల్, బెల్లం ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా తాగకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. మెంతులు చక్కెరను తగ్గిస్తాయి కనుక షుగరు మాత్రలతో కలిస్తే మరీ కిందికి పడిపోవచ్చు. సోయా, క్యాల్షియం, ఐరన్‌లు థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి, మధ్యలో నాలుగు గంటల ఎడం ఉంచండి. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ఐసోఫ్లేవోన్ క్యాప్సూల్స్‌ను ఆంకాలజిస్టును అడగకుండా ముట్టుకోవద్దు. పనిలో పనిగా, జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తపరీక్షకు ముందు ఆ సంగతి ల్యాబ్‌లో చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఆయుర్వేద మందైతే ఆయుష్ తయారీ లైసెన్స్ నంబరు, ఫుడ్ సప్లిమెంట్ అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఉండాలి. ఏదీ లేని సంచి పొడిని, తెలిసినవాళ్లు ఇచ్చినా సరే, వాడకండి. 2004లో బోస్టన్ దుకాణాల్లో అమ్మే దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులు 70 పరీక్షిస్తే 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇండియా నుంచి తెప్పించుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. నెలసరి సమస్యలను సరిచేస్తామని మందును ప్రచారం చేయడం 1954 నాటి మ్యాజిక్ రెమిడీస్ చట్టం ప్రకారం నేరం. అలాంటి ప్రకటన కనిపిస్తే ఆ కంపెనీని పక్కన పెట్టండి.

ఇవన్నీ చూసుకున్నాక కూడా వాడాలనుకుంటే ఒకసారికి ఒక్క మూలికే మొదలుపెట్టండి. ఐదారు కలిపిన క్యాప్సూల్ వద్దు, ఏదైనా తేడా వస్తే ఏది కారణమో తెలియదు. మొదలుపెట్టే ముందు రెండు వారాలు రోజుకు ఎన్ని ఆవిర్లు, ఎన్ని గంటల నిద్ర అనేది ఫోన్‌లో రాసుకోండి. మూలిక వాడే ఎనిమిది వారాలూ అలాగే రాయండి. తేడా లేకపోతే ఆపేయండి. క్లయింట్ ప్రెజెంటేషన్, ఆడిట్, పరీక్షల సీజన్ ఉన్న వారంలో కొత్తది మొదలుపెట్టకండి. అశ్వగంధ కొందరికి మత్తు తెస్తుంది, తొలి రోజుల్లో స్కూటీ నడపడం కూడా ప్రమాదమే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లు దురద పెట్టినా ఆ రోజే ఆపి లివర్ పరీక్ష చేయించుకోండి. ఆపరేషన్ ఉంటే రెండు వారాల ముందే ఆపేసి, మత్తు డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. పీరియడ్స్ తప్పుతున్నా గర్భం వచ్చే అవకాశం ఇంకా ఉంటుందని మరిచిపోవద్దు.

మూలికలతో పని జరగకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. హార్మోన్ చికిత్స అంటే భయం 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. అరవై లోపు ఉండి, క్యాన్సరు, రక్తం గడ్డకట్టడం లాంటి చరిత్ర లేనివారిలో లాభమే ఎక్కువని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. హార్మోన్లు వద్దనుకునేవారికి ఆవిర్లు తగ్గించే వేరే మందులు ఉన్నాయి, కౌన్సెలింగ్ పద్ధతి సీబీటీ కూడా ఉంది.

కంపెనీ ఏటా ఇచ్చే హెల్త్ చెకప్‌ను వదులుకోకండి. సీబీసీ, ఫెరిటిన్, టీఎస్‌హెచ్, లివర్ పరీక్ష, షుగరు, బీపీ ఇవి చాలు. 45 దాటితే ఖరీదైన హార్మోన్ ప్యాకేజీలు అక్కర్లేదు, వాటిలో చూసే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ ఈ దశలో రోజుకో రకంగా మారుతుంది. ఆ రిపోర్టులు, మీరు రాసుకున్న లెక్క, ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఒక సంచిలో వేసుకుని గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఏం వాడుతున్నారో దాచకుండా చెప్పండి.