చేదోడు

హైదరాబాదు నగరమున గుడిమల్కాపూరు పూలబజారునకు పేరుగాంచినది. తెల్లవారకమునుపే అచట బంతి, చేమంతి, గులాబి, మల్లె బుట్టలు దిగును. ప్రొద్దెక్కునప్పటికి ఆ పూలు దేవాలయములకును, పెండ్లిపందిళ్లకును, వీధి అంగళ్లకును తరలిపోవును. అట్టి బజారున మాలలు కట్టి అమ్ముకొని సంసారమును ఈదుచున్న ఒక స్త్రీకి రొమ్మునందు చిన్న కణితి తగిలినదనుకొనవచ్చును. అది నొప్పి పెట్టదు. నొప్పిలేనిదానికి వైద్యమెందులకని ఆమె ఊరకుండును. పరులతో చెప్పుకొనుటకు సిగ్గు. ఒకదినము బజారునకు పోకున్నచో ఆనాటి రాబడి పోవును. ఇట్లు నెలలు గడచును. ఈలోగా రోగము పెరుగుచునే యుండును.

క్యాన్సరును పూర్వము జనులు రాచపుండు అనుచుండిరి. ఆ పేరు వినినంతనే ఆశ వదలుకొనుచుండిరి. శరీరమునందలి కణములు హద్దుమీరి పెరుగుటయే ఈ వ్యాధి. తొలిదశలో కనుగొన్నచో పెక్కు క్యాన్సర్లు నయమగునని నేటి వైద్యము చెప్పుచున్నది. అయినను తొలిదశలో కనుగొనుటయే కష్టము. రోగి తనంతట వైద్యుని కడకు వచ్చునప్పటికి తరచుగా ఆలస్యమైపోవును. కావున ఎవరో ఒకరు రోగి యింటి వాకిటికి పోవలయును.

ఆ పనిచేయువారు ఆశా కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు, నర్సులు. ముప్పదియేండ్లు దాటినవారికి నోటిని, స్త్రీలకు రొమ్మును, గర్భాశయ ముఖద్వారమును పరీక్షించు పద్ధతి మన దేశమున ఏర్పడియున్నది. హైదరాబాదు పేటలలో 2018వ సంవత్సరము నుండి బస్తీ దవాఖానాలు వెలసినవి. పూలు కట్టు స్త్రీ వైద్యునితో చెప్పలేని మాటను, తన వీధిలో తిరుగు కార్యకర్తతో చెప్పగలదు.

వైద్యులు కానివారి పరీక్ష నమ్మదగినదా యను సందేహము కొందరికి కలుగవచ్చును. దీనికి సమాధానము మన దేశముననే లభించినది. తమిళనాడునందలి దిండిగల్లు జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు పలుచని ఎసిటిక్ ఆమ్లముతో స్త్రీల గర్భాశయ ముఖద్వారమును పరీక్షించిరి. పుల్లని వెనిగరులో నుండునది ఈ ఆమ్లమే. అనుమానింపదగిన చోటు దాని స్పర్శచే తెల్లబడును. ఈ పరీక్ష జరిగిన గ్రామములలో ఆ క్యాన్సరు మరణములు నూటికి ముప్పదియైదు వంతులు తగ్గినవని 2007లో ప్రకటింపబడెను. ముంబయి మురికివాడలలో పదవ తరగతి చదివిన స్త్రీలకే శిక్షణ నిచ్చి ఇట్టి పరీక్ష చేయించిరి. అచటను మరణములు నూటికి ముప్పదియొక వంతు తగ్గినట్లు 2013లో వెల్లడియయ్యెను. ఖరీదైన యంత్రములు లేకున్నను, నేర్పును ఓర్పును గల చేతులు ప్రాణములను నిలుపగలవని ఇందువలన తేలినది.

గుడిమల్కాపూరునకు ఎంతో దూరముగాక రెడ్‌హిల్స్ ప్రాంతమున మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి కలదు. అది 1955లో వెలసినది. హైదరాబాదు రాష్ట్రమున మంత్రిగానుండి, తరువాత గుజరాతు రాష్ట్రమునకు తొలి గవర్నరైన మెహదీ నవాజ్ జంగు పేర అది నడచుచున్నది. పూలమ్ము స్త్రీ అట్టి ఆసుపత్రికి చేరినపిమ్మట వైద్యుడు రోగమును నిర్ణయించును, శస్త్రచికిత్స చేయును, మందు వ్రాయును. కాని ఆ చికిత్స దినదినము ఆమె శరీరమునకు అందవలెనన్నచో ఇంకను ఎందరి చేతులో తోడుపడవలయును.

ఔషధశాలయందలివారు ఆమె తూకమునకును ఎత్తునకును తగినట్లు మందును కొలిచి కలుపుదురు. ఆ మందులలో కొన్ని నరము వెలుపలికి చిందినచో అచటి కండను కాల్చును. కావున నర్సు సూది చోటును కనిపెట్టుచునే యుండును. రేడియేషను యంత్రమును నడపు సాంకేతికులు ప్రతిదినము ఆమెను అదే చోట, అదే తీరుగా పరుండబెట్టుదురు. కొంచెము తప్పినను కిరణము రోగమును వదలి మంచి కండరమును తాకును. శస్త్రచికిత్సానంతరము ఆమె చేయి పైకి లేవదు. ఫిజియోథెరపిస్టు గోడపై వ్రేళ్లను మెల్లమెల్లగా పైకి నడపించి చేతిని సాధుచేయించును. మాల కట్టు స్త్రీకి చేయియే జీవనాధారము గదా!

మందెక్కించిన మొదటిదినమున నర్సు ఆమెను ఇట్లు ప్రశ్నించును: “అమ్మా, మీరేమి పని చేయుదురు?”

“పూలు కట్టుదునమ్మా.”

వైద్యపత్రమునందు ఈ సంగతి యుండదు. కాని ఇది ముఖ్యమైనది. మందెక్కించిన ఒకటి రెండు వారములలో రక్తమునందలి తెల్లకణములు తగ్గును. అప్పుడు చిన్న సూక్ష్మజీవియు పెద్ద శత్రువగును. కుళ్లిన పూలయందును, పూలు నానిన నీటియందును అట్టివి పెరుగును. అందుచేతనే ఇట్టి రోగులుండు గదులలో పూలగుత్తులను పెక్కు ఆసుపత్రులవారు ఉంచనియ్యరు. నర్సు ఆ దినములలో తడిపూల రాశులకు దూరముగా నుండుమని చెప్పును. జ్వరము 100.4 డిగ్రీలు దాటినచో రాత్రియైనను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి రమ్మని పలుమార్లు హెచ్చరించును. ఆ ఒక్క మాట ప్రాణమును కాపాడవచ్చును.

అయినను పూలు కట్టకున్నచో ఇల్లు గడచుటెట్లు? జుట్టు రాలినది, అన్నము సహింపదు, బస్సు కూలికి చేత పైకము లేదు. ఆమె రెండుమార్లు వచ్చి మూడవమారు రాదు. నయము కావలసిన రోగము నయముకాక పోవుట తరచుగా ఇచటనే. రానివారి పేర్లను చూచి నర్సు ఫోను చేయును. ఆమె కోపింపదు, కారణమడుగును. సాంఘిక సేవకుడు ఆరోగ్యశ్రీకి కావలసిన కాగితములను సిద్ధపరచును. ఆహార నిపుణురాలు పెరుగు, పప్పు, గ్రుడ్డు మొదలగువానిని కొంచెము కొంచెముగా ఎట్లు తినవలెనో చెప్పును. వీరిలో ఎవ్వరును కత్తి పట్టలేదు. అయినను వీరు లేనిచో కత్తి పట్టినవాని శ్రమ వృథాయగును.

అందరి రోగమును నయముకాదు. అట్టివారికి చేయవలసినది ఏమియు లేదనుట తప్పు. ఇంగ్లాండునందు సిసిలీ సాండర్సు అను మహనీయురాలు మొదట నర్సు. నడుము నొప్పిచే ఆ పని మాని ఆసుపత్రిలో సాంఘిక సేవకురాలయ్యెను. మరణించుచున్నవారి బాధను కన్నులార చూచి, దానిని తగ్గించుటకై మరల చదివి 1957లో వైద్యురాలయ్యెను. 1967లో లండనునందు అట్టివారికై ఒక ఆశ్రయమును నెలకొల్పెను. బాధ శరీరమునకే గాక మనస్సునకును, కుటుంబమునకును చెందునని ఆమె లోకమునకు బోధించెను. నేడు హైదరాబాదునందును నర్సులు రోగుల యిండ్లకే పోయి, పుండ్లను కడిగి కట్టుకట్టి, నొప్పి మందును చూచి ఇచ్చుచున్నారు.

చికిత్స ముగిసిన తరువాత ఒకనాడు ఆ స్త్రీ మరల గుడిమల్కాపూరు బజారున కూర్చుండి మాల కట్టవచ్చును. కొనువారికి ఆమె కథ తెలియదు. ఆమెకు మాత్రము తెలియును: తనను బ్రతికించినది ఒక్కరు కారు. వీధిలో పలుకరించినవారు, మందు కలిపినవారు, చేయి ఎత్తించినవారు, రానినాడు పిలిచినవారు, వీరందరు కలిసి చేసినదే వైద్యము. పేరు కోరక చేసిన సేవను గుర్తించుట విద్యావంతుల ధర్మము. అట్టి సేవకు తాముకూడ పూనుకొనుట అంతకంటె గొప్ప ధర్మము.