గడ్డిపెట్టెలో వంట: మేము చేసిన మొదటి పరీక్ష

నాట్లు పడు దినములలో ఇల్లాండ్రకు రెండు పనులు ఒక్కసారిగా వచ్చి పడును. పొలమునకు పోవలెను; కూలివారికి వండవలెను. పొయ్యి కడ ఒకరు నిలువనిదే పప్పు ఉడకదు. ఈ చిక్కును కొంత తీర్చగల సాధనము మన వామిలోనే యున్నది. అది వరిగడ్డి. దానితో వండు విధమును మేము ఒక సభ్యుని యింట మొదటిసారి పరీక్షించితిమి. మొదట ఓడితిమి, పిదప గెలిచితిమి. రెండింటిని దాచక తెలుపుచున్నాము.

దీని తత్త్వము

వంటకు కావలసినది మంట కాదు, వేడి. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు కడ మరుగును. మరిగిన పిదప ఎంత మంట పెట్టినను మామూలు గిన్నెలోని నీటి వేడి అంతకు మించదు. ఎక్కువ మంట నీటిని ఆవిరి చేయుటకే పోవును. ఆ వేడిని బయటికి పోనీయక నిలిపినచో వంట తనంతట తానే సాగును. గడ్డిపోచల నడుమ చిక్కిన గాలి కదలదు; కదలని గాలి వేడిని త్వరగా పోనీయదు. చలికాలమున గొంగడి మనకు చేయు ఉపకారమే గడ్డి గిన్నెకు చేయును.

ఇది నేటి సంగతి కాదు. 1867లో పారిసు నగరపు ప్రదర్శనమునందు నార్వే దేశపు వంటపెట్టె ఇట్టిదే చూపబడెను. ప్రపంచ యుద్ధముల కాలమున ఇంగ్లండులో ఇంధనము కొరవడగా గృహిణులు గడ్డిపెట్టెలను వాడిరి. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనునాతడు విద్యుత్తుతో మెల్లగా వండు పాత్రకు 1940లో పేటెంటు పొందెను. ఆ పాత్ర మార్పు చెంది 1971లో క్రాక్‌పాట్ అను పేర అంగళ్లకు వచ్చెను. దానికి గంటల తరబడి కరెంటు కావలెను, గడ్డిపెట్టెకు అక్కరలేదు.

మొదటి పరీక్ష

ఒక చెక్కపెట్టెలో గడ్డి పరచితిమి. అయిదు లీటర్లు పట్టు గిన్నెలో అరకిలో కందిపప్పును, తగిన నీటిని, చింతపండు పులుసును పోసి, ఒక పొంగు రాగానే దించి పెట్టెలో ఉంచితిమి. పైన గడ్డిని వదులుగా కప్పితిమి. ఆత్రము చేత గంటకొకసారి మూత తీసి చూచితిమి. నాలుగు గంటల పిదప పప్పు పలుకుగానే యుండెను. నీరు గోరువెచ్చనై యుండెను. కూలివారు గట్టుమీద అన్నమునకు ఎదురుచూచుచుండిరి. ఆ యింటి యిల్లాలు గిన్నెను మరల పొయ్యిమీద కెక్కించి, "గడ్డి ఎద్దులకే గాని వంటకు పనికిరాదు లెండి" అనెను. మాకు తలవంపైనది. ఆనాడు కూలివారి భోజనము గంటకు పైగా ఆలస్యమాయెను.

అప్పుడామె అత్తగారు, "దాలిలో పాలు పెట్టి మాటిమాటికీ మూత తీస్తామా, నాయనా?" అని అడిగెను. ఆ మాట మాకు పాఠమైనది. పిడకల దాలిలో పాలు కాచుటయు, ఎద్దులకు ఉలవలు ఉడికించుటయు మెల్లని వంటయే గదా! అయితే ఒక భేదము కలదు. దాలిలో నివురుగప్పిన నిప్పు వేడి నిచ్చుచునే యుండును. గడ్డిపెట్టెలో క్రొత్త వేడి పుట్టదు, ఉన్నదానినే కాపాడుకొనవలెను.

మా తప్పులు నాలుగు: గిన్నె సగమైనను నిండలేదు, పప్పు చాలినంత మరుగలేదు, గడ్డి బిగువుగా లేదు, మూత పలుమారు తీసితిమి. పులుసు ముందే కలుపుటయు పొరపాటే, ఏలయన పులుపు తగిలిన పప్పు త్వరగా మెత్తబడదు.

రెండవ పరీక్ష

మరునాడు అదే గిన్నెలో, అరగంట నానిన కిలో పప్పును మూడున్నర లీటర్ల నీటిని పోసితిమి. మరుగు వచ్చిన పిదప 15 నిమిషములు మంట ఆపలేదు. మూత తీయకయే పెట్టెలో దించి, గడ్డిని కూరి, గోనెసంచితో కుట్టిన గడ్డిదిండును పైన నొక్కి పెట్టితిమి. ఇల్లాలు నాటుకు పోయెను. నాలుగు గంటలకు తిరిగి వచ్చి తీయగా గిన్నె చేతితో పట్టరాని వేడిగా నుండెను. పప్పు వ్రేళ్ల నడుమ మెదిగెను. అప్పుడు ఉప్పును పులుసును కలిపి, మరల పొంగించి పోపు వేసిరి. ఆ యిల్లాలు ఏమియు అనలేదు గాని, మరునాటికి గిన్నె నిండ పప్పు నానబోసెను.

చేయు విధము

1. గిన్నె మూడు వంతులకు పైగా నిండవలెను. కొద్దిపాటి వంటకు ఈ పద్ధతి పనికిరాదు.
2. గడ్డి బాగుగా ఎండినదై, అడుగున, ప్రక్కల, పైన కనీసము 10 సెంటీమీటర్ల మందము ఉండవలెను.
3. గిన్నె అడుగున నిప్పురవ్వ లేకుండ తుడిచి మరీ దించవలెను. ఒక్క రవ్వ చాలును, ఇల్లంటుకొనును.
4. వేళ కాకుండ మూత తీయరాదు.

ముఖ్యమైన హెచ్చరిక

60 డిగ్రీల లోపు గోరువెచ్చని అన్నపానములలో రోగమును కలిగించు సూక్ష్మజీవులు వేగముగ పెరుగును. కావున తీసినప్పుడు గిన్నె చుర్రుమననిచో, కొద్ది గంటలే అయినచో వెంటనే పొయ్యిమీద మరిగించవలెను. రాత్రియంతయు అట్లు నిలిచినదైనచో పారబోయవలెను. మాంసమునకు ఇది మరింత ముఖ్యము. రాజ్మా గింజలను రాత్రి నానబెట్టి, ఆ నీటిని పారబోసి, క్రొత్త నీటిలో 30 నిమిషములు తెర్లించిన తరువాతనే పెట్టెలో ఉంచవలెను. సరిగా ఉడకని రాజ్మాలో వాంతులు కలిగించు విషపదార్థము కలదు. మెల్లని వేడి దానిని చంపజాలదు.

మీ యింట వంటచెరకు మండినను, గ్యాసు మండినను, మిగులు ఒక్కటే. పెట్టెకు క్రొత్త ఖర్చు లేదు. పాతగంప యైనను చాలును. మొదటి దినమున కూలివారి వంటతో గాక ఇంటివారి వంటతో పరీక్షింపుడు. మావలె కూలివారిని ఎదురుచూడనీయకుడు.