‘హై రిస్క్’ కాగితం మీద సంతకం

ప్రశ్న: మా నాన్నకు డెబ్భై ఏళ్లు, షుగరు. కడుపునొప్పి అంటే గ్యాస్ అనుకుని రెండు రోజులు ఇంజక్షన్లతో నెట్టుకొచ్చాం. తర్వాత చిన్నపేగు మొదట్లో అల్సర్‌కు చిల్లు పడిందని, ‘హై రిస్క్’ అని సంతకం పెట్టించుకుని రాత్రికి రాత్రే ఆపరేషన్ చేశారు. ఐదో రోజున పోయారు. ఆపరేషనే ప్రాణం తీసిందని చుట్టాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చుట్టాల మాట నమ్మనక్కర్లేదు. ఆ వయసులో, చిల్లు పడి రెండు రోజులైన మనిషిని ఆపరేషన్ లేకుండా వదిలేస్తే బతికి బట్టకట్టడం బహు అరుదు. ఆమ్లం, తిన్న తిండి, సూక్ష్మజీవులు పొట్టలోకి కారిపోతాయి. ఇన్‌ఫెక్షన్ రక్తానికి పాకుతుంది. బీపీ పడిపోతుంది, మూత్రం తగ్గుతుంది. చాలామంది విషయంలో అసలు నష్టం థియేటర్ తలుపు దాటకముందే మొదలైపోయి ఉంటుంది.

హాంకాంగ్ సర్జన్ జాన్ బోయ్ బృందం ఇలాంటి రోగుల విషయంలో మూడే సంగతులు చూసింది. ఆపరేషన్‌కు ముందే బీపీ పడిపోయిందా? పెద్ద జబ్బేదైనా ఉందా? చిల్లు పడి 24 గంటలు దాటిందా? 1987లో వాళ్లు ప్రకటించిన లెక్కలో మూడూ లేనివారిలో ఒక్కరూ చనిపోలేదు. ఒకటుంటే 10 శాతం, రెండుంటే 45.5 శాతం చనిపోయారు. మూడూ ఉన్నవారిలో ఒక్కరూ మిగల్లేదు. ఇప్పుడు వైద్యం మెరుగుపడింది కానీ ఆ మూడు ప్రశ్నలు పాతబడలేదు. వయసు, సత్తువ లేని ఒళ్లు, దెబ్బతిన్న కిడ్నీలు, రక్తంలో తగ్గిన ఆల్బుమిన్ కూడా ప్రమాదాన్ని పెంచేవే. వీటిలో ఇంట్లోవాళ్ల చేతిలో ఉండేది టైమొక్కటే.

అలాగని నెపమంతా ఇంటివాళ్ల మీదికి నెట్టడమూ న్యాయం కాదు. డెన్మార్క్‌లో అల్సర్ చిల్లు పడినవారిని పరిశీలిస్తే, ఆసుపత్రిలో చేరాక ఆపరేషన్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికే అవకాశం సగటున 2.4 శాతం చొప్పున తగ్గింది. బ్రిటన్‌లోనైతే ప్రమాదం 5 శాతం దాటుతుందని లెక్క తేలితే సీనియర్ సర్జన్, సీనియర్ మత్తు డాక్టర్ దగ్గరుండాలనీ, తర్వాత ఐసీయూలో చూడాలనీ ప్రమాణం పెట్టుకున్నారు. హై రిస్క్ అన్నప్పుడు సంతకం ఆపక్కర్లేదు. ‘ఆపరేషన్ ఎవరు చేస్తారు? ఐసీయూ బెడ్ ఉందా? యాంటీబయాటిక్ మొదలైందా?’ అని మాత్రం అడిగి తీరాలి.

ప్రశ్న: గ్యాస్ నొప్పికీ దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?
– ఒక గృహిణి, సిద్దిపేట

జవాబు: చిల్లు పడిన నొప్పి చాలావరకు ఉన్నట్టుండి వస్తుంది. పొట్ట చెక్కలా బిగుసుకుంటుంది, దగ్గితే ప్రాణం పోయినట్టుంటుంది, మనిషి కదలకుండా పడుకుంటాడు. చిక్కల్లా ముసలివాళ్లతో, షుగరున్నవాళ్లతో, స్టెరాయిడ్లు వాడేవాళ్లతోనే. వాళ్లలో నొప్పీ జ్వరమూ పెద్దగా లేకపోవచ్చు. మోకాళ్ల నొప్పులకు రోజూ మాత్రలు మింగేవారైతే అనుమానం రెట్టింపు కావాలి, ఎందుకంటే ఆ మాత్రలే అల్సర్ తెచ్చిపెడతాయి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి కనిపించకపోయినా చిల్లు లేదని తేల్చేయకూడదు. అనుమానముంటే సీటీ స్కాన్ తీస్తారు.

ప్రశ్న: ఆసుపత్రికి వెళ్లేలోగా కాసిన్ని పాలు పట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, అనకాపల్లి

జవాబు: వద్దు. రోజూ వేసుకునే మాత్రల చీటీ వెంట తీసుకెళ్లాలి. అందులో రక్తం పలుచబడే మాత్ర ఉంటే, కేస్ షీట్ రాసేటప్పుడే డాక్టరుకు చెప్పాలి.